ఒకే గదిలో రెండు కుట్లు

"లార్వాల ఒంటి మీద కుట్టిన మచ్చ ఒక్కటి లేదు, వచ్చి మీరే చూడండి!" అని కుట్టత్త ఫోనులో అరిచింది.

ఆ అరుపు మేనేజరు చెవిలో పడవలసింది. కోపంలో వేలు పక్క మీట మీద పడి గేటు దగ్గర మోగింది. గేటు బాబాయ్‌కి చెవులు లేకపోలేదు. కళ్లజోడు తగిలించుకోవడానికి రెండూ బాగానే పనికొస్తాయి. మాటలు వినడం దగ్గరే పేచీ. ఆ వాక్యంలో ఆయనకి అందినవి మూడు ముక్కలు: లారీవాళ్ల ఒంటి మీద. కుట్టిన మచ్చ. వచ్చి చూడండి.

బాబాయ్ బాధ్యత తెలిసిన మనిషి. కందిరీగల పెట్టెలు ఎక్కించుకోవడానికి గేటు బయట ఆగిన లారీల దగ్గరికి పరిగెత్తి, "చొక్కాలు విప్పండి!" అన్నాడు. డ్రైవర్లు ముందు నవ్వారు. "కందిరీగలు కుట్టాయంట, లోపల్నించి ఫోనొచ్చింది" అనగానే నవ్వు ఆగి దురద మొదలైంది. ఒకతను వీపు గోక్కుంటూ "ఇక్కడేదో మండుతోంది బాబాయ్" అన్నాడు కూడా. క్యాబిన్‌లో పడుకున్న ఇంకో అతన్ని కాళ్లు పట్టుకుని దింపారు. మేనేజరు కిటికీలోంచి చూసేసరికి గేటు ముందు ముగ్గురు మగాళ్లు చొక్కాల్లేకుండా వరసగా నిలబడి ఉన్నారు. బాబాయ్ కళ్లజోడు పైకీ కిందికీ జరుపుతూ, అచ్చుతప్పులు దిద్దేవాడిలా ముగ్గురి వీపులూ చదువుతున్నాడు.

నిజానికి ఆ కందిరీగలకి మనిషిని కుట్టడం చేతకాదు. చీమ కన్నా కాస్త పెద్ద ప్రాణి. దాని తోక చివర ఉన్న సూది గుడ్డు పెట్టే సూది. ఈ సంగతి బాబాయ్‌కి పదేళ్లలో పదిసార్లు చెప్పారు. చెవిటివాడి ముందు శంఖం ఊదితే దేన్ని కొరుకుతున్నావన్నాట్ట.

"ఫోన్లో గొంతుకి ఒళ్లుండదు. నాకు చెయ్యి ఆనాలి" అన్నాడు బాబాయ్, అందరూ నవ్వుతుంటే. అందులో అబద్ధం లేదు. రోజంతా ఇనప గేటు మీద అరచెయ్యి ఆనించి నిలబడతాడు. లారీ ఇంకా రోడ్డు మలుపు దగ్గర ఉండగానే గేటు ఆయన చేతికి చెప్పేస్తుంది. "లోడుది వస్తోంది" అంటే లోడుదే వస్తుంది. "ఖాళీది" అంటే ఖాళీదే.

లోపల కుట్టత్తకి మాత్రం నవ్వు రాలేదు.

ఆవిడ అసలు పేరు జీతాల పట్టీలో ఉంది, అక్కడే ఉండిపోయింది. ఇక్కడికి రాకముందు బట్టలు కుట్టేది. పదకొండేళ్ల కిందట, కందిరీగల గదిలో ట్రేల మీద కప్పే గుడ్డలు కుట్టడానికి పిలిస్తే వచ్చింది. వచ్చి చూసింది. ఇక్కడ కుట్టేది తానొక్కతే కాదని తెలిసింది. ఏడాది తిరిగేసరికి ఆ గదంతా ఆవిడ చేతికే వచ్చింది. "ఒక కుట్టు నేర్చుకుని వచ్చి ఇంకో కుట్టులో చిక్కుకున్నా" అని ఆవిడే అందరికీ చెప్పుకునేది. ఊరందరికీ కుట్టత్త అయింది, తోడబుట్టినవాళ్లతో సహా.

ఆ గదిలో జరిగేది ఇదీ. తోటల్లో పండు ఈగ ఉంటుంది. కాయ తొక్కకి కన్నం పెట్టి లోపల గుడ్లు పెడుతుంది. పురుగులు పుట్టి కాయని లోపల్లోపలే తినేస్తాయి. తోటవాడు కోసి చూసేదాకా కాయ నవనవలాడుతూనే ఉంటుంది, పైన పటారం లోన లొటారం. ఒకప్పుడు దీనికి మందు కొట్టేవారు. మందు ఈగతో పాటు కొట్టేవాడి చేతుల తోలు కూడా ఊడగొట్టేది. తర్వాత తోటల సంఘం వాళ్లు ఈ కేంద్రం పెట్టించారు. పక్క గదిలో పండు ఈగల్ని పెంచుతారు. వాటి లార్వాల్ని పలచటి ట్రేలలో తవుడు ముద్ద మీద పరిచి, పైన గుడ్డ బిగించి, కుట్టత్త గదిలో కందిరీగల పంజరాల్లో పెడతారు. పొద్దున తొమ్మిదికి పెడితే మధ్యాహ్నం పన్నెండుకి తీస్తారు. ఆ మూడు గంటల్లో ఆడ కందిరీగలు గుడ్డలోంచి సూది దింపి లార్వా ఒంట్లో గుడ్డు పెట్టాలి. లార్వాకి ఈ సంగతి తెలియదు. తింటుంది, ఒళ్లు చేస్తుంది, గింజలా గట్టిపడి పడుకుంటుంది. లోపలున్న కందిరీగ పిల్ల దాన్ని మొత్తం తినేసి రెండున్నర వారాలకి బయటికొస్తుంది. ఆ కొత్త కందిరీగల్ని పెట్టెల్లో పెట్టి తోటల్లో వదులుతారు. కుట్టిన లార్వా ఒంటి మీద సాయంత్రానికి సూదిమొనంత నల్లమచ్చ పడుతుంది. మచ్చలు లెక్కపెడితే ఎన్నిటిని కుట్టిందో తెలిసిపోతుంది.

పదకొండేళ్లుగా నూటికి అరవైకి తగ్గని మచ్చలు, రెండు వారాలుగా ముప్ఫై, పదిహేను, తొమ్మిది. ఈ బుధవారం నాలుగు. కోపం వచ్చినప్పుడు కుట్టత్త నాలుగుని సున్నా కిందే జమ కడుతుంది.

మేనేజరు వచ్చాడు. కుర్రవాడు, చొక్కా జేబులో మూడు పెన్నులు. వాటిలో రాసేది ఎర్రది ఒక్కటే.

"ఏమ్మా, సంగతి తేల్చేద్దాం. శుక్రవారం తోటల సంఘం వాళ్లొస్తున్నారు. ఆ రోజు వాళ్ల కళ్ల ముందు మీ కందిరీగలు పని చెయ్యాలి. చెయ్యకపోతే గది మూత."

"మూతా?" అంది కుట్టత్త. "పదకొండేళ్లుగా ఈ ట్రేలకి మూతలు కుడుతున్న మనిషికే మూత పెడతావా నాయనా?"

"నేను కాదమ్మా, సంఘం. మళ్లీ మందుకే వెళ్లిపోతామంటున్నారు. ఉన్న కందిరీగల్ని ఫ్రీజర్లో పెట్టేసి..."

"ఫ్రీజర్లోనా!"

గదిలో వెచ్చగా, తవుడు పులిసిన వాసన. పంజరాల వల మీద తేనె చుక్కలు పెట్టిన కాగితాలు. వాటి మీద వందల కొద్దీ గోధుమరంగు ఒళ్లు, దారపుపోగుల్లాంటి నడుములు. రెండొందల పైచిలుకు తరాలు ఆవిడ చేతి మీదుగా పుట్టాయి. ముత్తవ్వకి ముత్తవ్వకి ముత్తవ్వ దగ్గర్నించీ ఆవిడకి తెలుసు. వాటిని ఐసుముక్కల పక్కన పెడతాడట!

"తప్పు నా వాళ్లది కాదు. వచ్చే సరుకుది" అంది.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుందమ్మా" అని ఎర్ర పెన్ను మూత పెట్టుకుంటూ మేనేజరు వెళ్లిపోయాడు.

కందిరీగల తుట్టెని కదిపి వెళ్లినవాడికి వెనక ఏం జరుగుతుందో తెలియదు. కుట్టత్త సరాసరి పక్క గది తలుపు తోసింది.

పక్క గది ఈగలాయనది. ఆయన తన గదిలో ఈగల మీద ఈగ వాలనివ్వడు. ఆయనకి ఈగలెన్నో ఈగో అంత అని కుట్టత్త ఎప్పుడూ అంటుంది. అంతేకాక ఆయన ఆవిడకి స్వయానా వియ్యంకుడు. ఆవిడ కూతురిని ఆయన కొడుక్కిచ్చారు. ఆ సంబంధం కుదిరింది కూడా ఈ రెండు గదుల మధ్య తలుపు దగ్గరే, ట్రేలు చేతులు మారేచోట.

"అన్నయ్యగారూ, ఏం పంపిస్తున్నారు నాకు? పురుగులా, పురుగుల నీడలా?"

ఈగలాయన తొట్టెలో తవుడు కలుపుతున్నవాడు తలెత్తాడు. "చెల్లెమ్మా, నా పిల్లలు ఒక్కోటి ఎలా ఉన్నాయో చూడు. వియ్యాలవారికి పంపే సారెలా ఎంచి మరీ పంపిస్తున్నా."

"పెళ్లిలో మీవాళ్లు మా ఇల్లు తినేశారు. ఇక్కడ మావాళ్లు మీ పిల్లల్ని తింటుంటే ఓర్వలేక బక్కవి పంపుతున్నారు. బక్కదాంట్లో మావాళ్లు మంచి గుడ్డు పెట్టరు, తెలుసుగా! లార్వా బలంగా ఉంటేనే అందులో కూతురిని పెడతారు. బక్కదైతే ఏదో కొడుకుని పడేసి పోతారు."

"కొడుకుల్ని పడేస్తారా? మరి మీ అమ్మాయిని నా కొడుక్కెందుకిచ్చావు?"

"అప్పుడు మీ సంగతి ఇంత తెలీదు!"

"చెల్లెమ్మా," అన్నాడాయన, తవుడు చేతులు తొట్టె అంచుకి దులుపుకుంటూ, "అవే ఈగలు, అదే తవుడు, లార్వాలు పంపేది అదే ఆరో రోజు. పదకొండేళ్లుగా ఒక్క పిసరు మార్చలేదు. మార్చింది నీ గదిలో. కొత్త గుడ్డ తెప్పించావు. ఏదో కొత్త తేనె పోస్తున్నావు. ఆ మోటారు కుట్టుమిషను తెచ్చి అందులో కూలేశావు. నా పిల్లలు బక్కవంటే మాత్రం నేను పడను."

"మిషను నేను తెచ్చానా? ఆ మహానుభావుడు తెప్పించాడు!"

ఇదీ నిజమే. మొన్నటిదాకా కుట్టత్త మిషను సామాన్ల గదిలో ఉండేది. మధ్యాహ్నాలు, ట్రేలు తీసేశాక, అక్కడ కూర్చుని మూతలు కుట్టేది. రెండు వారాల కిందట మేనేజరు ఆ గది ఖాళీ చేయించి సమావేశ మందిరం చేశాడు. ఆ మందిరంలో ఇప్పటిదాకా జరిగిన ఒకే ఒక సమావేశం, మందిరానికి ఏ రంగు పరదాలు వెయ్యాలన్న దాని మీద. మిషను కందిరీగల గదిలోకి వచ్చింది. మధ్యాహ్నాలు అతిథులకి గదులు చూపించే పని కూడా ఆవిడ మీదే పడింది కాబట్టి కుట్టుపని పొద్దుటికి జరిగింది. అక్కడ కందిరీగలు ఒక కుట్టు, ఇక్కడ ఈవిడ ఒక కుట్టు. నున్నటి గచ్చు మీద మిషను నడుస్తూ నడుస్తూ తలుపు దాకా వెళ్లిపోతుంటే, పంజరాల ఇనప ర్యాక్ కాలికి దాన్ని తాడేసి కట్టింది. ముడి కూడా మంచిది, పీకితే రానిది. ఆ తెలివికి తనని తానే మెచ్చుకుంది కూడా.

గురువారం పొద్దున ట్రేలు పంజరాల్లో పెట్టి, కుట్టత్త కుర్చీ లాక్కుని, భూతద్దం పట్టుకుని పంజరం ముందు కూర్చుంది.

"ఈవేళ ఒక్క మూత కుట్టను" అంది తలుపులోంచి తొంగిచూసిన మేనేజరుతో. "పాత చిరుగులే గతి. మూడు గంటలూ ఇక్కడే కూర్చుని చూస్తా. సరుకులో లోపం ఎక్కడుందో నా కళ్లతో పట్టుకుంటా."

"ఇది పని ఎగ్గొట్టడమమ్మా."

"కాదు నాయనా, నోరూ మిషనూ రెండూ కట్టేసుకుని చూడడం. నువ్వూ ఓసారి ప్రయత్నించు."

మిషను మీద గుడ్డ కప్పి ఉంది. ఒక కందిరీగ ట్రే గుడ్డ మీదికి దిగింది. మీసాలతో గుడ్డ తడుముకుంటూ నడిచింది. కుళ్లిన పండు వాసనా, తవుడు పులుపూ దానికి ఇంటి చిరునామా లాంటివి. ఆ వీధిదాకా తీసుకొస్తాయి. ఇల్లు ఏదో తేల్చుకోవాల్సింది మాత్రం కాళ్లతో. అది టక్కున ఆగింది. ఆరు కాళ్లూ ఆనించి కదలకుండా నిలబడింది. గుడ్డ కింద ఎక్కడో లార్వా తవుడు నములుతూ కదిలితే ఆ అదురు గుడ్డలోకి వస్తుంది, గుడ్డలోంచి కాలికి వస్తుంది. రెండడుగులు పక్కకి జరిగింది. మళ్లీ ఆగింది. ఇంకో అడుగు. నడుము వంచి, సూది నిటారుగా దింపింది.

పక్కనే ఇంకోటి సూది దింపి వెంటనే తీసేసుకుంది. "ఆ ఇంట్లో ఆల్రెడీ ఎవరో దిగిపోయారు" అని కుట్టత్త గొణిగింది. సూది మొనకి రుచి తెలుస్తుంది. ఇంకోటి వచ్చి గుడ్డు పెట్టిపోయిన లార్వా అయితే వదిలేస్తుంది. ఇంకో కందిరీగ మాత్రం దింపిన సూది దింపినట్టే చాలాసేపు ఉంది. గుడ్డుతో పాటు కాస్త విషం కూడా వదులుతుంది. లార్వా ఒంట్లో కాపలావాళ్లుంటారు. బయటి గుడ్డు కనబడితే చుట్టూ చేరి నల్లటి గోడ కట్టి ఊపిరాడకుండా చంపేస్తారు. ఈ విషం వాళ్లని మత్తులో పడేస్తుంది. గేటు దగ్గర బాబాయ్‌ని నిద్రపుచ్చి లోపలికి దూరినట్టు.

పన్నెండయ్యేసరికి గుడ్డల మీద కందిరీగలు నిండుగా పరుచుకుని ఉన్నాయి. సాయంత్రం మచ్చలు లెక్కపెట్టింది. నూటికి అరవై మూడు.

కుట్టత్త కేక వెయ్యడంతో గేటు బాబాయ్ కూడా గేటు మీద చెయ్యి తీసి ఇటు చూశాడని చెప్పుకున్నారు.

"చూశారా అన్నయ్యగారూ! నిన్న నాలుగు మాటలు అన్నాను, ఈవేళ బలిసినవి పంపించారు. భయముంటే పిండి కూడా రొట్టె అవుతుంది!"

ఈగలాయన ముఖం మాడిపోయింది. "నేను నిన్న దొంగ సరుకు పంపి ఈవేళ మంచి సరుకు పంపానంటావా?"

"అరవై మూడు మచ్చలు అంటున్నాయి, నేననట్లేదు."

ఆయన చేతులు కడుక్కుని వెళ్లిపోయాడు. రాత్రి ఎనిమిదింటికి కూతురు ఫోను చేసింది. "అమ్మా, మామయ్యగారు అన్నం ముందు కూర్చుని లేచిపోయారు. 'నా పిల్లల్ని బక్కవన్నారు' అంటున్నారు. ఈయనేమో తననే అన్నారనుకుని అద్దంలో చూసుకుంటున్నాడు. ఏమైందే?"

"న్యాయం జరిగిందే" అంది కుట్టత్త. ఫోను పెట్టేశాక ఆ మాట అంత రుచిగా అనిపించలేదు.

శుక్రవారం పొద్దున ఆవిడ హడావిడిగా వచ్చింది. సంఘం వాళ్ల ముందు చిరుగుల మూతలు కనబడితే పరువు పోతుంది. నిన్న కుట్టని మూతలన్నీ కలిపి బోలెడున్నాయి. తొమ్మిదికి ట్రేలు పెట్టి, మిషను మీద గుడ్డ లాగేసి, మోటారు పూర్తిగా వదిలింది. మూత చుట్టూ రబ్బరుతాడు తిప్పుతూ ఒకటి, రెండు, ఇరవై.

పదిన్నరకి సంఘం పెద్దావిడ వచ్చింది. నలభై ఎకరాల తోట ఆవిడది. ఒకప్పుడు తన చేత్తో మందు కలిపి కొట్టించిన మనిషి. గోళ్లు ఇప్పటికీ పసుప్పచ్చగానే ఉన్నాయి. వెంట మేనేజరు, గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని ఈగలాయన. పెద్దావిడకి కుర్చీ మోసుకొచ్చిన గేటు బాబాయ్ కూడా వెళ్లకుండా ఓ మూల నిలబడ్డాడు.

"ఒక్క నిమిషం మేడమ్, ఈ ఒక్కటీ అయిపోతే కొత్త మూత చూపిస్తా. ఈలోగా భూతద్దంతో చూడండి, మావాళ్లు ఎలా పనిచేస్తున్నారో" అంది కుట్టత్త, మిషను ఆపకుండానే.

పెద్దావిడ వంగి చూసింది. చాలాసేపు చూసింది. "ఇవి పని చెయ్యట్లేదమ్మా. కొన్ని ఊరికే నిలబడ్డాయి. కొన్నేమో ట్రే అంచు మీద, లార్వాలే లేని చోట పొడుస్తున్నాయి."

కుట్టత్త లేచి చూసింది. నిజమే. ఒక కందిరీగ ట్రే రేకు అంచు మీద సూది దింపబోయి వంచుకుని, పక్కకి జరిగి, మళ్లీ అక్కడే దింపబోతోంది.

ఆవిడకి ఒళ్లు మండిపోయింది. "అన్నయ్యగారూ! ఇంతమంది ముందు ఇంత పని చేస్తారా? నిన్న ఒక మాట అన్నానని ఇవాళ చచ్చు సరుకు పంపుతారా? వియ్యంకుడని చూడకుండా చెప్తున్నా..."

"చెల్లెమ్మా!" ఈగలాయన గుమ్మం దాటి ముందుకొచ్చాడు. "నా ఈగల మీద ఒట్టు. అదే తొట్టె, అదే తవుడు, అదే ఆరో రోజు!"

"అయితే నిన్న ఎలా కుట్టాయి? ఇవాళెలా కుట్టట్లేదు?"

మేనేజరు ఎర్ర పెన్ను మూత తీశాడు. పెద్దావిడ నిట్టూర్చింది. "రాసుకోండి. లోపం ఈగల గదిలో ఉన్నట్టుంది. ఆ గది మనిషిని మార్చి చూద్దాం. అప్పటికీ కాకపోతే రెండు గదులూ మూసేద్దాం."

ఈగలాయన నేల చూశాడు. ఇరవై ఏళ్లుగా ఈగలు తప్ప ఇంకో పని చేతకాని మనిషి. కుట్టత్త గెలిచింది. గెలుపు నోట్లో పెట్టుకుంటే చేదుగా ఉంది. మళ్లీ కుర్చీలో కూలబడి, కోపం వచ్చినప్పుడు చేసే పని చేసింది. పెడలు గట్టిగా తొక్కింది.

అప్పుడు మూల నించి గేటు బాబాయ్ అన్నాడు, "ఎవరిదీ లారీ? ఇంజను ఆపకుండా వదిలేశారు."

అందరూ చూశారు. బాబాయ్ అలవాటుగా ఇనుము కనబడిందని ర్యాక్ మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"ఏ లారీ లేదు బాబాయ్" అన్నాడు మేనేజరు గట్టిగా.

"లారీ లేకపోతే మరి చేతికి అదురెక్కడ్నించొస్తోంది?"

కుట్టత్త కాలు పెడలు మీంచి లేచిపోయింది. మోటారు ఆగింది.

"ఆ, ఆపేశాడు" అన్నాడు బాబాయ్.

కుట్టత్త కాలు మళ్లీ మెల్లిగా దిగింది.

"మళ్లీ పెట్టాడు. లోడుదే."

కుట్టత్త చెయ్యి గుడ్డ మీదే ఉండిపోయింది. సూది కింద గుడ్డ ఆగింది. గురువారం మిషను మీద గుడ్డ కప్పి ఉంది. గురువారం అరవై మూడు. మిషను వచ్చి రెండు వారాలు. మచ్చలు పోయి రెండు వారాలు. మిషను నించి తాడు, తాడు నించి ర్యాక్, ర్యాక్ నించి పంజరం, ట్రే, గుడ్డ, ఆరు కాళ్లు. ఆ ముడి తనే వేసింది. పీకితే రాని ముడి.

ఎవరికీ తెలియలేదు. మేనేజరు ఎర్ర పెన్నుతో ఈగలాయన పేరు రాస్తున్నాడు. పెద్దావిడ బాబాయ్‌ని చూసి పాపం అన్నట్టు నవ్వుతోంది. నోరు కుట్టేసుకుని కూర్చుంటే చాలు. సోమవారం గుట్టుగా తాడు విప్పేస్తే మచ్చలు వాటంతటవే వస్తాయి. కొత్త ఈగలాయన వచ్చాకే బాగుపడిందంటారు. తేలు కుట్టిన దొంగైతే నొప్పి ఓర్చుకుని నోరు మూసుకోవాలి, ఈవిడని ఏ తేలూ కుట్టలేదు.

"రాయకు" అంది కుట్టత్త.

"ఏంటమ్మా?"

"రాయకు నాయనా అంటున్నా! ఆ మూడు పెన్నులూ జేబులో పెట్టుకో! లోపం ఆయన పిల్లల్లో లేదు, నా పిల్లల్లో లేదు. నా మిషనులో ఉంది, నేను కట్టిన తాడులో ఉంది. మేడమ్, ఇలా రండి. భూతద్దం పట్టుకోండి, నేను చెప్పేదాకా తీయకండి."

మోటారు ఆపింది. గది నిశ్శబ్దమైంది. నిమిషం గడిచింది, ఇంకో నిమిషం. పెద్దావిడ వీపు వంగే ఉంది. "ఒకటి కదిలింది... కాళ్లు ఆనించింది... అదిగో, లార్వా ఉన్న చోటికే వెళ్తోంది... దింపింది! ఇంకోటి! అమ్మా, ఇటు పక్కవి కూడా!" కుట్టత్త పెడలు తొక్కింది. "ఆగిపోయాయి. ఇది మళ్లీ అంచు మీదికి పోతోంది." ఆపింది. తొక్కింది. ఆపింది. పెద్దావిడ నడుము పట్టేసేదాకా చూపించింది.

తర్వాత కత్తెర తీసి ర్యాక్ కాలికున్న తాడు కోసేసింది. మేనేజరు వైపు తిరిగింది.

"ఇది నా తప్పు. నాది నేను ఒప్పుకున్నా. నీది ఎవరు ఒప్పుకుంటారు? సామాన్ల గదిలో నా మానాన నేను మధ్యాహ్నాలు కుట్టుకునేదాన్ని. పరదాల కోసం గది లాక్కుని, మిషను ఇక్కడ పడేసి, పొద్దున్నే కుట్టమన్నదెవరు? ఫ్రీజరంటావా? ముందు నీ మందిరం పెట్టు ఫ్రీజర్లో!"

పెద్దావిడ నడుము నిమురుకుంటూ లేచింది. "మందిరంలో సమావేశాలు ఎన్నయ్యాయి?"

మేనేజరు పెన్నులు సర్దుకున్నాడు. "ఒకటండీ."

"అయితే మిషను అక్కడికి పోతుంది. గది ఇలాగే ఉంటుంది. వచ్చే వారం మళ్లీ వస్తా, మచ్చలు నేనే లెక్కపెడతా." గుమ్మం దగ్గర ఆగి ఈగలాయన వైపు తిరిగింది. "ఈ గది మనిషి కూడా ఇక్కడే ఉంటాడు."

కుట్టత్త ఆయన దగ్గరికి వెళ్లింది. "అన్నయ్యగారూ, మీ పిల్లలు బలమైనవే. తప్పు మాటన్నా. ఇంటికెళ్లి కడుపునిండా తినండి. అమ్మాయి బెంగపెట్టుకుంది."

"మా అబ్బాయి కూడా" అన్నాడాయన, ముఖం ఇంకా పూర్తిగా విప్పకుండా. "రాత్రి నించి అద్దం దగ్గరే ఉన్నాడు."

గొడవ విని, పెట్టెల కోసం మళ్లీ వచ్చిన ఆ డ్రైవర్లు ముగ్గురూ వల తలుపు బయట చేరారు. ఒకతను అడిగాడు, "ఏంటత్తా, ఇంతకీ ఎవర్ని కుట్టింది?"

కుట్టత్త అందరి వైపూ తిరిగి, ముఖ్యంగా బాబాయ్ వైపు తిరిగి, గది అదిరేలా చెప్పింది. "ఎవర్నీ కుట్టలేదు! కందిరీగలకి చెవులు లేవు, కాళ్లతోనే వింటాయి. కింద లార్వా కదిలితే ఆ అదురు పట్టుకుని కుడతాయి. నా మిషను ర్యాక్‌ని అదరగొడుతుంటే, ఎక్కడ చూసినా లార్వాలే ఉన్నాయనుకుని రేకుని పొడిచాయి. బాబాయ్, నీకు లార్వాలు లారీవాళ్లయ్యారు చూడు, అలాగే వాటికి నా మిషను లార్వా అయింది! వినబడిందా?"

"అంత అరవక్కర్లేదమ్మా" అన్నాడు బాబాయ్. "ర్యాక్ మీద చెయ్యేసే ఉన్నా."